ఒక్క కాయ మిగిలింది

కూతురింట్లో ఉన్న నీకు, ఇల్లు కాపలా కాస్తున్న నేను రాసేది. ఇక్కడ నేనూ, గోడలూ, నీ చెట్టూ క్షేమం. అక్కడ నువ్వూ, అమ్మాయీ, అమ్మాయి విరిగిన కాలూ క్షేమమని తలుస్తాను. మిగతా క్షేమాలు తర్వాత. ముందు కుర్చీ సంగతి తేలాలి.

పెళ్లయిన నాటి నుంచీ చూస్తున్నాను. గుమ్మంలో మీ తమ్ముడి చెప్పుల చప్పుడు వినపడితే చాలు, నువ్వు గుడ్డ తీసుకుని కిటికీ పక్క కుర్చీ తుడుస్తావు. అది నా కుర్చీ. నేను పొద్దంతా ఎండలో గోడలు కట్టి, ఒళ్లంతా సిమెంటుతో ఇంటికొచ్చిన రోజుల్లో కూడా మీ తమ్ముడు అందులో కాలు మీద కాలేసుకుని ఉండేవాడు. నేను గడప మీద కూర్చునేవాణ్ణి. ఒక్కనాడన్నా "లేరా, మీ బావ వచ్చారు" అన్నావా? పైగా "వాడు వారానికోసారి వచ్చేవాడు, మీరు రోజూ ఉండేవారేగా" అనేదానివి. రోజూ ఉండటం నా తప్పయింది. ఈ మాట ఇన్నేళ్లూ కడుపులో పెట్టుకున్నాను. ఇప్పుడెందుకు తీశానో ఉత్తరం అయ్యేసరికి నీకే తెలుస్తుంది.

ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. ఫోనులో నాకు సగం వినపడదు, వినపడే సగంలో నువ్వే మాట్లాడతావు. ఉత్తరంలో అయితే చివరిదాకా నా మాటే. నా రాత కోడి గెలికినట్టుందని అమ్మాయి చేత చదివించుకోకు. కూడబలుక్కుని నువ్వే చదువు. నేనూ కూడబలుక్కునే రాస్తున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మాత్రలు వేసుకుంటున్నాను. స్నానాల గదిలో కుళాయి కారడం ఆపాను. మేడ మీద అద్దెకున్న టీచరమ్మకి నీ కుట్టుమిషను ఇమ్మన్నావు, ఇచ్చాను. ఆమె సూది విరగ్గొట్టింది. నేనేమీ అనలేదు. అంటే, అన్నాను గానీ మెల్లగా అన్నాను. "నా చెట్టు ఎలా ఉంది" అన్నావు. చెట్టు బాగుంది. "తమ్ముడు నాతో పొడిపొడిగా మాట్లాడుతున్నాడు, ఏమైనా జరిగిందా" అన్నావు. దానికి తర్వాత వస్తాను.

చెట్టు సంగతి మొదటి నుంచీ చెప్పాలి, ఎందుకంటే నీకు తెలిసింది మీ తమ్ముడు చెప్పింది మాత్రమే. కళ్లజోళ్ల కొట్టు పెట్టుకున్నవాడు కళ్లజోళ్లు అమ్ముకోవాలి. జోడు చేయించుకోవడానికి వచ్చినాయన ఎవరో కొమ్మ ఇస్తే, దాన్ని తెచ్చి అంటు కట్టి, మన పెరట్లో కుళాయి గోడ వారన నాటాడు. "అక్కా, ఇది యాపిలే గానీ పైన పసుప్పచ్చగా ఉంటుంది, కోస్తే లోపల గులాబీ రంగు" అన్నాడు. నువ్వు నోరు తెరుచుకుని విన్నావు. నేను అప్పుడే అన్నాను, రంగు పైన ఉండాలి, తెలుపు లోపల ఉండాలి, ఇది చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టుందే అని. నువ్వు నవ్వలేదు. ఏటేటా పూత వచ్చేది, కాయ నిలిచేది కాదు. మీ తమ్ముడు ప్రతి ఆదివారం చెట్టు చుట్టూ తిరిగి "వచ్చే ఏడు చూడు బావా" అనేవాడు. ఈ ఏడు నువ్వలా ఊరెళ్లావో లేదో కాయలు నిలిచాయి. నువ్వు లేకపోతేనే కాసిందని మీ తమ్ముడితో అన్నాను. వాడూ నవ్వలేదు. మీ ఇంట్లో ఎవరికీ నవ్వడం రాదు.

కాయలు నిమ్మకాయలంత అయ్యేసరికి పక్షులు మొదలయ్యాయి. కర్రలు పాతి వల కప్పాను. వల ఎక్కడిది అంటావు. నీ కొత్త దోమతెర. నేను ఒప్పుకోవాల్సింది ఇదే అనుకుని ఇక్కడే తిట్టడం మొదలెట్టకు, అసలుది ముందుంది.

నెల కిందట ఒక ఆదివారం మీ తమ్ముడు వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. నువ్వు లేవు కదా, తుడవకపోయినా కూర్చున్నాడు. టీచరమ్మ కొత్త సూది కొనిచ్చి పోదామని కిందికి దిగింది. ఇస్త్రీ కొట్టతను బట్టలు తెచ్చాడు. జనం దొరికితే మీ తమ్ముడు ఊరుకుంటాడా? గులాబీ యాపిల్ పురాణం ఎత్తుకున్నాడు.

"మాటలెందుకోయ్, కోసి చూద్దాం పద" అన్నాను.

"వద్దు బావా, ఇంకా పండలేదు. గింజ నల్లబడితే గానీ లోపల రంగెక్కదు."

"పుట్టినప్పుడు లేని రంగు పెద్దయ్యాక వస్తుందా?"

"నీ జుట్టుకి రాలేదా బావా, తెలుపు?"

ఇస్త్రీ అతను కిసుక్కున నవ్వాడు. అక్కడ కాలింది నాకు. తిన్నగా పెరట్లోకి వెళ్లి, వల ఎత్తి, ఉన్నవాటిలో పెద్దకాయ తెంపి, అందరి ముందూ నడిమికి కోశాను. కొత్తగా సున్నం కొట్టిన గోడలా ఉంది. గింజలూ తెల్లవే. రెండు చెక్కలూ రెండు చేతుల్లో పట్టుకుని ఒక్కొక్కరికీ చూపించాను.

"బావా, ఇంకో మూడు వారాలు ఆగు, నేను అబద్ధం ఆడలేదు" అన్నాడు.

ఆగాల్సింది. నాకు ఆగడం రాదు. "కళ్లజోళ్లు అమ్మేవాడివి, ముందు నువ్వొకటి పెట్టుకో. ఇన్నేళ్లుగా వారం వారం వచ్చి, నా కుర్చీలో కూర్చుని, మీ అక్కకి అబద్ధాలు చెప్పి పోతున్నావు" అన్నాను. అందరూ విన్నారు. మీ తమ్ముడు సగం తాగిన నీళ్ల గ్లాసు కింద పెట్టి, కుర్చీని దాని చోటుకి జరిపి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. నీతో పొడిపొడిగా మాట్లాడుతున్నది అందుకే. నీతో చాడీ చెప్పలేదంటే, అది వాడి మంచితనమని ఇప్పుడు అనిపిస్తోంది. అప్పుడు మాత్రం గెలిచానని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయడానికి ముందు లేచి, చెయ్యాల్సిన అవసరం లేని పనులు చాలా చేశాను.

మూడు వారాలు దాటాక చెట్టు కింద ఒక కాయ రాలి కనిపించింది. పక్షి పొడిచిన గంటులోంచి ఎర్రగా ఏదో ఉంది. పురుగనుకుని కోశాను. లోపల చంటిపిల్ల అరికాలులా ఉంది. గింజలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. తెగులనుకున్నాను. చెట్టున ఉన్నది ఇంకోటి కోశాను. అదీ అంతే.

ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తెల్లగా తేలితే చాలు, కొన్ని అలా ఉంటాయి కొన్ని ఇలా ఉంటాయి అని నా మాట నిలబెట్టుకుందామనుకున్నాను. రోజూ కోస్తూ పోయాను. ఎండ తగిలే వైపుది కోశాను, నీడ వైపుది కోశాను, గూనిది కోశాను, గొడ్డుపోయినట్టున్నది కోశాను. అన్నీ గులాబీయే. కోసినవి ఎవరి కంటా పడకూడదని అన్నీ నేనే తిన్నాను. ముందు పుల్లగా తగిలి వెనక తీపి వస్తుంది. బాగుంది. కడుపు మాత్రం బాగాలేదు.

ఇస్త్రీ అతను గోడ మీంచి తొంగిచూసి, "ఏం పెద్దాయనా, కాయలు తగ్గుతున్నాయేంటి?" అన్నాడు.

"పక్షులు" అన్నాను.

"మీ పక్షి కత్తి పట్టుకుని తింటున్నట్టుందే. గోడవతల తొక్కలు చుట్టలు చుట్టలుగా పడున్నాయి."

రేపటి నుంచి నా బట్టలు నేనే ఇస్త్రీ చేసుకుంటానని చెప్పేశాను. నీకిష్టమైన నీలం చొక్కాకి ఇప్పుడు కాలరు లేదు.

నువ్వు లేవు, వాడూ రావడం లేదు. కుర్చీ ఖాళీ. నేను కూర్చుని చూశాను. ఆ కిటికీలోంచి వీధి మలుపు కనిపిస్తుందని ఇన్నాళ్లూ నాకు తెలియదు. రానివాడి కోసం మలుపు చూస్తూ కూర్చోవడం నా వల్ల కాక లేచాను.

టీచరమ్మ కళ్లజోడు మర బిగించుకోవడానికి వాడి కొట్టుకి వెళ్లొచ్చింది. "మీ బావమరిది గారు మాటలే మానేశారండీ. అక్షరాల బోర్డు చూపించి కనిపిస్తోందా అనడం తప్ప ఇంకో ముక్క లేదు. నేనే యాపిల్ మాటెత్తితే, ఆ కొమ్మ ఇచ్చినాయన నన్ను మోసం చేసుంటాడండీ, మా బావ అన్నదే నిజం అన్నారు" అంది.

గెలిస్తే ఇలా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

మర్నాడు బయల్దేరి కొట్టు దాకా వెళ్లాను. అద్దం వెనకాల జోడు తుడుస్తూ కనిపించాడు. తలెత్తి నన్ను చూశాడు. నా కాళ్లు వాటంతటవే పక్క కొట్లోకి వెళ్లాయి. ఏం కావాలన్నారు. ఎదురుగా ఉన్నది చూపించాను. దువ్వెన. నా నెత్తిన ఎన్ని వెంట్రుకలున్నాయో నీకు తెలుసు. దానికి సంచి కూడా ఇచ్చారు.

ఇప్పుడు చెట్టు మీద ఒక్క కాయ మిగిలింది. చిటారు కొమ్మన ఉండబట్టి మిగిలింది, నిచ్చెన అందక. తొడిమ దగ్గర బాగా పసుపు తిరిగింది, వారం దాటి ఆగదు. దీన్ని దింపుకుని కొట్టుకి వెళ్లి, టీచరమ్మనీ ఆ ఇస్త్రీ అతన్నీ కూడా తీసుకెళ్లి, వాళ్ల ముందే మీ తమ్ముడి చేతికి కత్తి ఇచ్చి కోయమంటాను. ఇన్నాళ్లూ ఒక్కటన్నా తెల్లగా ఉండాలని కోసుకుంటూ పోయినవాణ్ణి, ఇప్పుడు ఈ ఒక్కటీ ఎక్కడ తెల్లగా ఉంటుందోనని కింద నిలబడి దాని ముఖమే చూస్తున్నాను. కోసి చూద్దామంటే ఇంకోటి లేదు.

నువ్వు తిరిగొచ్చే వేళకి వాడు మన గుమ్మం ఎక్కకపోతే, ఆ గుమ్మంలో నువ్వెన్నాళ్లు నిలబడతావో నాకు తెలుసు. ఒక్క మాట అనవు. అదే నాకు భయం.

కాయ సంగతి నేను చూసుకుంటాను. నాకు రానిది మాట. వంకరగా లేచిన గోడని పడగొట్టి మళ్లీ కట్టడం నాకు తెలుసు. అన్న మాటని ఎక్కణ్ణుంచి పడగొట్టాలో తెలియదు. కాబట్టి వాడితో నేను ఏమనాలో నువ్వు రాసి పంపించు. రెండు ముక్కలు చాలు, పొడుగ్గా రాస్తే దారిలో మర్చిపోతాను. "క్షమించు" అన్న మాట లేకుండా అదే అర్థం వచ్చేలా ఏదైనా ఉంటే అది రాయి. లేకపోతే ఉన్నదే రాయి.

నీ జవాబు గురువారం సాయంత్రానికి నా చేతిలో ఉండాలి. లేదంటే శుక్రవారం పొద్దున కొట్టు తలుపు తీస్తుండగానే వెళ్లి, నా నోటికి ఏదొస్తే అదే అనేస్తాను. నా నోరెలాంటిదో నీకంటే ఎవరికీ ఎక్కువ తెలియదు. తర్వాత పూచీ నాది కాదు.

ఇట్లు
మీ తమ్ముడి బావ