ఆగాల్సిన చర్య ఆగలేదు

ఫిల్మ్ నగర్,
ఆగస్టు 2007

మీకు, అరుణజ్యోతి నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ అత్తమ్మా బాగున్నాం. విశాఖ ఉప్పుగాలి మీ ఒంటికి పడిందా అని అత్తమ్మ రోజూ అడుగుతోంది. మన వీధిలో షూటింగ్ నడుస్తోంది. ఇంత ఎండలో గొట్టాలతో వాన కురిపిస్తున్నారు.

మా నల్లపొడితో మీ ఫ్యాక్టరీలో మొదటి బ్యాచ్ పెట్టవచ్చా అని పోయిన ఉత్తరంలో అడిగారు. మీకు తెలిసిందే, సన్నటి ఇనుప రేణువుల మీద పల్లాడియం లోహం అంటించిన పొడి అది. మందుకు కావలసిన రెండు పదార్థాలను కలుపుతుంది. పనయ్యాక ఫ్లాస్కు పక్కన అయస్కాంతం పెడితే పొడంతా గోడకు అంటుకుంటుంది. ద్రవం వంచేసి, పొడి కడిగి మళ్లీ వాడుకోవచ్చు. ఎన్నిసార్లు వాడినా దిగుబడి తగ్గలేదు.

పోయిన వారం రసాయన చర్య సగంలో ఉండగా పొడిని అయస్కాంతంతో పట్టి ఉంచి, వేడి ద్రవాన్ని మాత్రం వేరే ఫ్లాస్కులోకి వంచి మళ్లీ వేడి చేశాను. పొడి లేదు కాబట్టి చర్య ఆగాలి. ఆగలేదు.

అంటే పల్లాడియం ద్రవంలోకి ఊడి వస్తోందా? చల్లారాక తిరిగి పొడి మీదికి చేరుతోందా? చేరనిది మందులో మిగిలిపోతుందా? మా ల్యాబ్ పెద్ద త్రిపురసుందరి గారికి చూపించాను.

"ఫ్లాస్కు సరిగా కడగలేదేమో అరుణా. జర్నల్‌కు పేపర్ పంపేశాం కదా, ఇప్పుడిదంతా ఎందుకమ్మా?" అన్నారు.

కొత్త ఫ్లాస్కులో చేశాను. మళ్లీ అంతే.

అత్తమ్మ నా ముఖం చూసి, "గా పొడి పని చేస్తుందా, చేస్తలేదా? ఒక్క మాట చెప్పరాదు బిడ్డా" అంది.

"పనైతే జరుగుతుంది అత్తమ్మా. చేసేది పొడేనా అన్నదే సమజైతలేదు."

"జర పండుకో. పొద్దుగాల సమజైతది."

కాలేదు.

ఇంత రాసి అసలు సంగతి దాటేస్తున్నాను. సోమవారం మీ మేనేజర్ సత్యనారాయణమూర్తి గారు ల్యాబ్‌కు ఫోన్ చేసి, "ఏమ్మా, బ్యాచ్ మొదలెట్టేయమంటారా?" అని అడిగారు. మిమ్మల్ని అడగకుండానే వద్దనేశాను. ఆ బ్యాచ్ నడిస్తేనే మిమ్మల్ని హైదరాబాద్ పంపుతారని తెలిసి కూడా.

"అయితే రఘునందన్ ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉండాలమ్మా" అన్నారాయన.

మీతో ఫోన్‌లో చెబుదామని రోజూ అనుకుని, భోంచేశారా అని అడిగి పెట్టేస్తున్నాను. అందుకే ఈ ఉత్తరం.

ద్రవంలో లోహం ఎంతుందో కొలవడానికి నమూనా పంపాను. లేదని వస్తే మిమ్మల్ని ఊరికే అక్కడ ఆపేసినదాన్ని అవుతాను. ఉందని వస్తే మా ఇన్నేళ్ల పని పోయినట్టే. దేవుడికి ఏమని మొక్కుకోవాలో తెలియడం లేదండీ.

ఇట్లు,
మీ జవాబు కోసం చూస్తూ, మీ భార్య
అరుణజ్యోతి