ఇరవై ఒకటో చెయ్యి

నూజివీడు,
18-6-87

కామ్రేడ్ శ్రీవారికి,

చింతలపూడి నీళ్ళు వంటికి పడ్డాయా? బ్యాంకు వాళ్ళ బదిలీల మీద మీ కోపం తర్వాత తీరిగ్గా రాద్దురుగాని. ముందు నా నేరం వినండి.

వేసవిలో మూడు వారాలు విజయవాడలో పదో తరగతి పేపర్లు దిద్దుతున్నానని చెప్పాను కదా. అబద్ధం. ఇంజనీరింగు కాలేజీలో కూర్చుని కంప్యూటరుకి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. ప్రభుత్వం మా స్కూలుకి ఒకటి ఇచ్చింది. లెక్కల టీచర్ని గనక నన్ను పంపారు. పంపారనడం కూడా అబద్ధమే, నేనే పేరిచ్చాను. అదే వారం మీరు యూనియన్ జెండా పట్టుకుని బ్యాంకు ముందు కంప్యూటర్లు వద్దని అరుస్తున్నారు. ఆ అట్ట మీద నినాదం రాసింది నేనే. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని మీరే రాయించారు.

పదిహేడేళ్ళలో మీ దగ్గర దాచింది ఇదొక్కటే. భయపడి కాదు. వాదన మొదలైతే మీరు గెలిచేవరకు భోజనానికి లేవరు, నేను ఓడేవరకు లేవను. అప్పటికి రైలు వెళ్ళిపోతుంది. ఇప్పుడు కాగితం మీద వాదిస్తాను, మధ్యలో అడ్డు తగలలేరు. మనం వద్దంటే మిషను రాకుండా ఆగుతుందా? ఆగదు. మన పిల్లల దాకా రాకుండా ఆగుతుంది, అంతే. మా హెడ్మాస్టరు దశరథరామయ్య గారిని చూడండి. ఆ కంప్యూటరు గది గడపకి పసుపు రాయించి, గుమ్మానికి తెర కట్టించి, చెప్పులు బయట విడవమన్నారు. 'ఏ' సెక్షనులో ఎనిమిదిమందికే ప్రవేశం. ఎవరి పిల్లలో మీకు చెప్పాలా?

"మీ బి సెక్షను వాళ్ళు కిటికీలోంచి చూస్తార్లెండి మేడమ్. పాడైతే పూచీ ఎవరిది?" అన్నారు.

"సుద్దముక్క విరుగుతుందని బోర్డు మీద రాయడం మానేశామా అండీ?" అన్నాను.

చివరికి ఒక ఒప్పందం. వచ్చే నెల జిల్లా నుంచి అధికారి వస్తాడు. ఆయన ముందు బి సెక్షను పిల్ల ఎవరైనా ఒక్క ప్రోగ్రాం తప్పులేకుండా నడిపితే అందరికీ తలుపు తీస్తారు. లేదంటే ఈ ఏడాదికి నేను నోరు మూసుకోవాలి. నేను, నోరు.

తిట్టదలిస్తే కవరు కొనండి, కార్డు చాలదు.

మీ
హైమవతి


నూజివీడు,
30-6-87

శ్రీవారికి,

కార్డే రాశారు. "చదివాను. నినాదం వేరేవాళ్ళ చేత రాయించుకున్నాను." అంతేనా? వాళ్ళ అక్షరాలు వంకర పోయి ఉంటాయి, చూసుకోండి.

మీరు తిట్టినా తిట్టకపోయినా ఇది మీకే చెప్పుకోవాలి. మిషను లేకుండానే పాఠం మొదలుపెట్టాను. ఒకరు కాగితం మీద ప్రోగ్రాం రాయాలి, ఇంకొకరు మిషనులా నిలబడి రాసింది రాసినట్టు చెయ్యాలి, సొంత తెలివి వాడకూడదు. జోజిబాబు అనే కుర్రాణ్ణి మిషను చేశాను. బల్ల మీది కాయ తియ్యమంటే కదలడు. "చెయ్యి చాపమని రాయలేదు కదండీ" అంటాడు. క్లాసంతా పడీపడీ నవ్వింది. కానీ మూడో రోజుకి ముప్ఫైనాలుగు మందిలో ఒక్కరు కూడా ఒక్క మెట్టు వదల్లేదు. మా శిక్షణలో డిగ్రీలున్న పంతుళ్ళకి ఇది వారం పట్టింది. చెప్పుకోవడానికి గర్వంగా ఉంది, చెప్పుకుంటున్నాను.

తర్వాత మామిడికాయల లెక్క ఇచ్చాను. చేతికి అయిదు కాయల చొప్పున వంద లెక్కపెట్టి ఆగాలి. లేయా అని రెడ్డిగూడెం పిల్ల ఉంది. వాళ్ళమ్మ ఇక్కడ ఒక కమీషను కొట్టులో కాయలు లెక్కపెట్టే కూలి. ఆ పిల్ల ప్రోగ్రాంలో లెక్కని ఒకటి నుంచి ఇరవై ఒకటి దాకా తిప్పింది, ఇరవై చేతులకే వంద అయిపోతుంది కదా. కొత్తవాళ్ళు ఒకసారి ఎక్కువ తిప్పుతారని మాకు శిక్షణలో మరీమరీ చెప్పారు. అదే తప్పని ఎర్ర సిరాతో కొట్టేశాను.

"వందంటే ఇరవై ఒక్క చెయ్యే కదండీ" అంది.

"లెక్కల టీచరు నువ్వా, నేనా? కూర్చో" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వనిచ్చాను.

ఆదివారం ఊరగాయకి చివరి కాయల కోసం ఆ కొట్టుకే వెళ్ళాను. లేయా వాళ్ళమ్మ దయామణి కుప్ప ముందు కూర్చుని ఉంది. ఒక చేత రెండు, ఒక చేత మూడు, పాటలా లెక్కపెడుతోంది. ఇరవై అంది. ఆగలేదు. ఇంకో అయిదు వేసి అప్పుడు "వంద" అంది.

"అదేంటమ్మా?"

"అది కొసరు చెయ్యి కదండీ. అది పడందే వంద అవదు. పక్క కొట్టులో రెండు కాయలే వేస్తారు. ఒక్కో కొట్టుకి ఒక్కో వందండీ."

ఆ అయిదు కాయలూ నష్టపోయేది తోట రైతేనని నేను చెప్పాలా? నూటయిదుని వంద అనే ఆచారం మీద ఇన్నేళ్ళుగా నేను ఒక్క వ్యాసం రాయలేదు. ఎందుకంటే నాకు తెలియదు. పదిహేనేళ్ళ పిల్లకి తెలుసు. తెలిసింది తెలిసినట్టు రాస్తే, ఎర్ర సిరా పట్టుకున్న నేను, అభ్యుదయవాదిని, దాన్ని కొట్టేశాను.

సోమవారం క్లాసులో అందరి ముందూ "తప్పు నాది" అని ఆ కొట్టివేతని కొట్టేశాను. అధికారి ముందు కూర్చునేది లేయాయే అని చెప్పాను. ఆ పిల్ల నవ్వలేదు. "అయితే ఆయన వంద ఏ వందండీ?" అని అడిగింది.

హైమవతి


నూజివీడు,
25-7-87

కామ్రేడ్ శ్రీవారికి,

నిన్న అధికారి వచ్చారు. 'ఏ' సెక్షను కుర్రాడు బొమ్మ గీసి చూపించాడు, చప్పట్లు. తర్వాత లేయా. మీట మీద వేలు పెట్టడం ఆ పిల్లకి అదే మొదటిసారి. అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. దశరథరామయ్య గారు రెండుసార్లు గడియారం చూశారు. నేను చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాను.

ప్రోగ్రాం నడిచింది. లెక్క రాలేదు. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ప్రశ్న వచ్చి ఆగిపోయింది: మీ వందకి ఎన్ని కాయలు?

"ఆగిపోయిందే. చెప్పానా మేడమ్" అన్నారు హెడ్మాస్టరు గారు.

లేయా లేచి నిలబడింది. "ఆగలేదండీ. అడుగుతోంది. కొట్టుకో వంద ఉంటదండీ. మిషనుకి తెలీదు కదా, అందుకని మిమ్మల్నే అడగమన్నాను."

అధికారి తనే వంగి వంద అని కొట్టారు. మిషను ఇరవై చేతులు లెక్కపెట్టి ఆగింది. నూటయిదు కొట్టారు. ఇరవై ఒకటి. దశరథరామయ్య గారి వైపు తిరిగి "ఇది ఎవరు నేర్పారండీ?" అన్నారు. ఆయన నన్ను చూపించారు. నేను లేయాని చూపించాను. అది నేను నేర్పింది కాదు. అడగకుండా లెక్కపెట్టకూడదని ఆ పిల్లే నాకు నేర్పింది.

సోమవారం నుంచి బి సెక్షనుకి తలుపు తీస్తారు. గుమ్మానికి కట్టిన తెర కూడా తీసేశారు, లేయా వాళ్ళమ్మ వచ్చి చూస్తానంటే.

ఇది రాస్తుంటే మీ కవరు వచ్చింది. యూనియన్ ఒప్పందం మీద సంతకం పెట్టిందనీ, మీ బ్రాంచికీ మిషను వస్తోందనీ, దాని ముందు కూర్చోవడానికి ఎవరూ ముందుకు రాకపోతే మీరే పేరిచ్చారనీ రాశారు. "పేరిచ్చి నాలుగు రోజులైంది, నీకు చెప్పడానికి ధైర్యం చాల్లేదు" అని కూడా. చాలా ఆనందంగా చదివాను, రెండుసార్లు.

వచ్చే ఆదివారం రండి. నేర్పుతాను. మూడో బెంచీలో జోజిబాబు పక్కన చోటుంది. ముందు కొన్నాళ్ళు మీరే మిషను, చెప్పింది తప్ప ఏమీ చెయ్యకూడదు, వాదించకూడదు. ప్రోగ్రాం లేయా రాస్తుంది.

చెప్పులు విప్పక్కర్లేదు.

మీ
హైమవతి