పన్నెండు గంటల ఈగ

జూన్ 4, మంగళవారం
అత్తయ్య ఆసుపత్రి నుంచి వచ్చి తొమ్మిది రోజులు. పక్షవాతం వచ్చిన ఎడమ చెయ్యి ఇంకా లేవడం లేదు. మాట బాగానే ఉంది, తిట్టడానికి సరిపోయేంత. తిండే లేదు. బరువు నలభై ఒకటి. నలభైకి దిగితే ముక్కులోంచి గొట్టం వేస్తానన్నాడు డాక్టరు. పద్దెనిమిదిన మళ్ళీ చూస్తాడు.
ఎనిమిది, పన్నెండు, నాలుగు, ఎనిమిది. టైము తప్పకుండా స్పూను పట్టుకుని నిలబడుతున్నాను. ఆవిడ టైము తప్పకుండా గోడవైపు తిరుగుతున్నారు.

జూన్ 5
కిటికీలో గులాబీ కుండీ మీద గొల్లభామ పురుగు పిల్ల. గోరంత ఉంది. ముందు కాళ్ళు రెండూ ముడిచి దండం పెడుతున్నట్టు నిలబడింది. దులపబోయాను. అత్తయ్య కేకేశారు, ముట్టుకోకే, ఈ ఇంట్లో నాకు దండం పెట్టేది అదొక్కటే అని. నవ్వారు కూడా. ఆ నవ్వులోనే రెండు స్పూన్లు పెట్టేశాను.

జూన్ 6
గాజు సీసా కడిగి ఆరబెట్టి, లోపల పుల్ల నిలబెట్టి, పురుగును వదిలి, మూతికి పలచని గుడ్డ కట్టాను. పై వాటాలో సైన్సు టీచరమ్మను అడిగితే, బతికున్న చిన్న ఈగలే తింటుందండీ, చచ్చినవి ముట్టదు అంది. అరటి తొక్క ఇంకో సీసాలో వేసి ఉంచితే అవే పుడతాయట. పాతికేళ్ళుగా ఒక్క ఈగను వాలనివ్వని వంటింట్లో ఈగల పెంపకం! ఆయన చూసి, మా అమ్మ కోసమా, మతి పోయి చేస్తున్నావా అన్నారు. రెండూ అన్నాను.

జూన్ 8
నోట్‌బుక్కులో రెండు గడులు గీశాను.
ఉదయం: పురుగు 1 ఈగ. అత్తయ్య 3 స్పూన్లు.
మధ్యాహ్నం: పురుగు 1. అత్తయ్య 5.
అది ఈగను పట్టగానే, పట్టేసింది దొంగముండ, అంటూ ఆవిడ నోరు తెరుస్తున్నారు. ఆ క్షణం దాటితే ఇక తెరవరు. స్పూను ఒక చేతిలో, సీసా ఒక చేతిలో.

జూన్ 11
ఈగలు అయిపోయాయి. సీసా పట్టుకుని చెత్తకుండీల చుట్టూ తిరిగాను. ఎవరూ చూడలేదనుకుంటాను.

జూన్ 13, ఉదయం 8
తినలేదు. ఇద్దరూ.

జూన్ 13, సాయంత్రం 4
రెండు ఈగలు దాని తలమీదే నడుస్తున్నాయి. పట్టదు. ఆవిడా అంతే. నాకు కాలు నిలవడం లేదు. వంటింటి అరలన్నీ దింపి మళ్ళీ సర్దాను.

జూన్ 14
పురుగు పొద్దుటి నుంచి మూతి గుడ్డ పట్టుకుని తలకిందులుగా వేలాడుతోంది. పన్నెండు కొట్టింది కదా అని ఇంకో ఈగను వదిలాను. అప్పుడు చూశాను. వీపు చీలి, పాత తోలులోంచి కొత్త ఒళ్ళు జారుతోంది. ఈగ వెళ్ళి సరిగ్గా దానిమీదే వాలింది. పురుగు గిలగిల్లాడి కింద పడింది. ఒక కాలు వంకరపోయింది.
టీచరమ్మ పరుగున వచ్చింది. కుబుసం విడిచేటప్పుడు కదిలించకూడదండీ, ఊరికే వదిలేయాలి అంది. వచ్చేసారి కుబుసంతో కాలు సర్దుకోవచ్చట. అయినా రోజుకు నాలుగుసార్లు ఎవరు పెట్టమన్నారు మిమ్మల్ని, ఆకలేస్తే అదే పట్టుకుంటుంది కదా అని వెళ్ళిపోయింది.
అత్తయ్య అంతా విన్నారు. అయిందా, అది కూడా రాసుకో అన్నారు. తర్వాత గోడ.

జూన్ 15
ఇంట్లో బరువు చూసే మిషను మీద నలభై పావు. ఆయన రెండుసార్లు ఎక్కించి చూశారు. అదే.
సాయంత్రం స్పూను తీసుకెళితే ఆవిడ కుడిచేత్తో నెట్టేశారు. ఆకలేస్తోందో లేదో నాకు తెలిసేలోపే నీ స్పూను వచ్చేస్తుందే, ఇరవై రోజులైంది నేను నోరు తెరిచి ఒకటి అడిగి అన్నారు.
చాలాసేపు సీసా ముందు కూర్చున్నాను. ఎదురుగా బల్లమీద గడియారం ఉంది. దాన్ని గోడకు తిప్పాను.

జూన్ 16, ఉదయం
పెట్టలేదు. ఖాళీ గిన్నె, స్పూను ఆవిడ కుడిచేతి పక్కన ఉంచి, కావాలంటే పిలవండి అత్తయ్యా అన్నాను. సీసాలో ఒక్క ఈగను వదిలి ఇవతలికి వచ్చేశాను. మెట్లు కడిగాను. మళ్ళీ కడిగాను. ఆయన ఫోన్ చేసి, అమ్మ తిందా అన్నారు. తెలియదు అన్నాను. పెళ్ళయ్యాక ఆయనకు ఆ మాట చెప్పడం ఇదే మొదలు.

జూన్ 16, మధ్యాహ్నం
కుంటిది ఈగ వెనకాల నడుస్తోంది. లోపల గిన్నె మీద స్పూను మోగుతోంది. మళ్ళీ మోగుతోంది. ఇంకా రాస్తూ కూర్చున్నానేమిటి.