జెనీవా తెచ్చే మోటారు

ఆర్లెన్, మా అక్క కంటి ఆపరేషన్‌కి డులూత్ వెళ్తున్నాను, ఆదివారం వస్తాను. హాట్‌డిష్ ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకుని తిను.

ఇవాళ పక్కింటి జెనీవా ఆ డెబ్బై అయిదు హార్స్‌పవర్ మోటారు తెస్తే నీ పాత పడవకి బిగించకు. పొద్దున షెడ్డులోకి వెళ్లి, పడవకి మోటారు తగిలించే వెనక పలకని సుత్తితో తట్టి చూశాను. పైన ఫైబర్‌గ్లాస్ అద్దంలా మెరుస్తోంది గానీ, లోపలి చెక్క నానిన రొట్టెలా ఉంది. స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగింది. అంత బరువు వేలాడదీస్తే సరస్సు మధ్యలో పలక ఊడుతుంది, మోటారుతో పాటు నువ్వూ మునుగుతావు. ముందు చెక్క మార్చు. ఆ తర్వాత కూడా ఆ పడవకి నలభై హార్స్‌పవర్ చాలు.

నిన్న ఆవిడ "ఇది పెట్టావంటే ఎగిరిపోతావు ఆర్లెన్!" అంటే కొత్త పెళ్లికొడుకులా సిగ్గుపడ్డావు. పడవల కొట్లో పుట్టి పెరిగిన నన్ను ఇంట్లో పెట్టుకుని, మోటారు సంగతి పక్కింటావిడని అడిగావు. నాకు ఒళ్లు మండిపోయింది. పలక సంగతి చెప్పకుండా వెళ్లిపోదామని కారు దాకా వెళ్లి వెనక్కొచ్చాను.

మేవిస్

మరిచాను, నిన్ను ముంచే హక్కంటూ ఎవరికైనా ఉంటే అది కట్టుకున్నదానికే. ఆవిడతో చెప్పు.