అద్దం పెట్టలేదు
షార్జా, 9 మార్చి 2022

మావయ్యా, ఫోనెత్తడం లేదని కంగారుపడకండి, ఒళ్లు బాగానే ఉంది. ఈ సంగతి చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను.

కార్డు వెనక ఫోటోలో ఉన్నది మా ఇటలీ శిల్పి చెక్కిన పాలరాతి బొమ్మ. కళ్లలో కనుపాపలు లేవు చూడండి. పని మిగిలిపోయిందనుకుని, ఆయన ఊళ్లో లేనప్పుడు మీరు నేర్పినట్టే ఉలితో కళ్లు తెరిపించాను. తొలిచూపు మనిషి మీద పడకుండా ఎదురుగా అద్దం పెట్టడం మాత్రం మరిచాను. తొలిచూపు తలుపు తీసుకుని వచ్చిన ఆయన మీదే పడింది.

పెద్దాయన నేలమీద కూలబడి "ఖలాస్" అన్నాడు. మా ముదీర్, అదే మేనేజరు, ఐజక్ గారు నన్ను పక్కకు లాగారు. "అది వాళ్లావిడ బొమ్మ తమ్ముడూ. కరోనాలో విమానాలు ఆగిపోయి ఆఖరిచూపుకి ఎళ్లలేకపోయాడు. పోయేటప్పుడు ఆవిడ కళ్లు తెరిచుందో మూసుందో తెలీకే అలా వదిలేశాడు."

అప్పట్నుంచి ఆయన ఉలి ముట్టలేదు. బొమ్మకు వీపు పెట్టి కూర్చుంటున్నాడు.

అత్తకు దగ్గు తగ్గిందా? మందులు మాననివ్వకండి. మంగకు పురుడయిందా? బిడ్డకు నా ముద్దులు.

మీరు ఇన్ని విగ్రహాలకు కళ్లు తెరిపించారు కదా. తెరిచిన కళ్లను మళ్లీ మూసే పద్ధతి ఏదైనా ఉంటే వెంటనే రాయండి.

మీ చేతికి దణ్ణం పెడుతూ,
మేనల్లుడు త్రిమూర్తులు