కుక్కదగ్గు అని రాసినది నేనే

తుమ్మలబెంచి గ్రామం,
బళ్ళారి తాలూకా.
తేదీ 7-11-1987, శనివారం.

జిల్లా ఆరోగ్య అధికారి గారి సముఖానికి, బళ్ళారి.

అయ్యా,

విషయం: మా ఊరి పదిమంది చంటిబిడ్డలకు కోరింత దగ్గు రాకుండా వేసే ట్రిబుల్ సూదిమందు ఒక సీసా పంపవలెనని, ఇంతకు ముందు నేను పెట్టిన అర్జీలోని తప్పు దిద్దుకోవలెనని.

తుమ్మలబెంచి కాపురస్తుడు, సేద్యగాడు, కీర్తిశేషులు చెన్నప్ప కుమారుడు నారప, వయస్సు డెబ్బై ఒకటి, తమకు చేసుకొను మనవి. నేను ఈ సీమ మదరాసు కింద ఉన్నప్పుడు మూడో తరగతి దాకా తెలుగు చదివినాను. కన్నడం మాట్లాడతాను, రాయలేను. అందువలన ఇది కూడా తెలుగులోనే ఉన్నది. చదివే గుమాస్తా గారిని నిదానంగా చదవమని చెప్పవలెను. పోయినసారి మా నాలుగు ఊళ్ళకూ కలిపి ఉన్న హోబళి ఆఫీసులో తొందరగా చదివినారు.

1. మా ఊరికి నెలకొకసారి నర్సమ్మ యశోదమ్మ వస్తుంది. హగరి స్టేషనులో దిగి, ఐసు డబ్బా భుజానికి తగిలించుకొని నడిచి వస్తుంది. ఈ సంవత్సరం ఏప్రిల్ మొదలు నాలుగు నెలలు ఖాళీ డబ్బాతో వచ్చింది. పైనుంచే మందు లేదని చెప్పింది. ఖాళీది ఎందుకమ్మా మోస్తావు అని నేను అడిగినాను. "డబ్బా లేకుండా వస్తే నేను రాలేదని రాసుకుంటారు తాతా" అనింది. ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

2. ఆగస్టు 11వ తేదీన ఒక సీసా తెచ్చింది. సీసాలో పదిమందికి సరిపోయే మందు ఉంటుంది. పదిమంది బిడ్డలు చేరనిదే మూత తీయకూడదని వాళ్ళకు రూలు. తీసినాక మిగిలినది దాచకూడదు. మా ఊరిలో ఆ ఈడు బిడ్డలు పదకొండుమంది తేలినారు. నా కొడుకు రంగనాథకు కవల ఆడబిడ్డలు, అప్పటికి రెండు నెలల వాళ్ళు. ఇద్దరిని సిద్ధం చేసి తెచ్చేసరికి నా కోడలు రాజలక్ష్మి అందరి కన్నా వెనుక పడింది.

యశోదమ్మ సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది. "ఒగరికే వస్తాదమ్మా. ఇద్దర్లో ఎవురికి ఎయ్యాల?" అని అడిగింది.

రాజలక్ష్మి రంగనాథను చూసింది. రంగనాథ నన్ను చూసినాడు. మా ఇంటిలో మాట నాది. "పెద్దదానికి ఎయ్యమ్మా" అన్నాను. పెద్దది అంటే పావుగంట పెద్దది. దాని పేరు కెంచమ్మ. చిన్నదాని పేరు రామక్క, నా తల్లి పేరు. చిన్నదాన్ని రాజలక్ష్మి మళ్ళీ బట్టలో చుట్టుకొని ఇంటికి తీసుకుపోయింది.

3. ఇంకొక సీసా కావలెనంటే పైకి అర్జీ పెట్టవలెనని యశోదమ్మ చెప్పింది. "కాగితం ఈడ ఇయ్యండి తాతా, నేనే రాసిస్తా" అనింది. "నాకు చెయ్యి లేదా అమ్మా" అన్నాను. మరుసటి దినం నా చేతితోనే రాసినాను. ఆ అర్జీలో జరిగిన తప్పు ఏమనగా:

మా ఇంటిలో తెలుగే మాట్లాడతాము. అయినా ఈ జబ్బును మాత్రం మా చుట్టుపక్కల తెలుగువాళ్ళందరూ కన్నడంలోనే నాయికెమ్ము అంటారు. నాయి అంటే కుక్క, కెమ్ము అంటే దగ్గు. తెలుగు అర్జీలో కన్నడ మాట పెడితే బాగుండదని ఆలోచన చేసి, కుక్కదగ్గు అని రాసినాను. మా బిడ్డలకు కుక్కదగ్గు సూదులు వెంటనే పంపవలెను, ఆలస్యమైతే ప్రాణహాని అని రాసినాను. దానికి తెలుగులో కోరింత దగ్గు అనే పేరు ఉన్నదని నాకు డెబ్బై ఏండ్లు దాటేదాకా ఎవరూ చెప్పలేదు. నేను ఎవరినీ అడగలేదు కూడా.

4. ఏడు వారాలకు, సెప్టెంబరు 29వ తేదీన, కాంపౌండరు నెట్టికంటప్ప అనే ఆయన మోటారు సైకిలు మీద ఒక డబ్బా తెచ్చినాడు. నేను సంతోషపడి, ఆయన చాపిన కాగితం మీద ముట్టినట్టు సంతకం చేసినాను. చదవలేదు. తర్వాత ఆయన అరుగు మీద కూర్చొని అందరినీ పిలిచినాడు.

"కరిపిచ్చుకున్నోళ్ళంతా వరసగా రాండప్పా. బొడ్డు సుట్టూ పద్నాలుగు సూదులు, దినానికొగటి" అన్నాడు.

"ఎవుర్నీ ఏదీ కరవలేదప్పా" అన్నాను.

"అర్జీలో పదకొండుమంది బిడ్డలని ఉండాదే. అందర్నీ ఒగే కుక్క కరిసిందా? ఆ కుక్క యాడ ఉండాది, బతికుండాదా సచ్చిందా? అది కూడా రాసుకోవాల నేను."

"నేనడిగింది దగ్గు సూదప్పా. కుక్కదగ్గు."

"కుక్కకు దగ్గొస్తే గొడ్ల డాక్టరు కాడికి తోలుకొని పో పెద్దాయనా. నా కాడికేంది?"

అక్కడున్న వాళ్ళందరూ నవ్వినారు. మా ఎదురింటి హుసేనప్ప అయితే, "మా నారపకు సూది ఎయ్యప్పా, దినామూ మొరుగుతానే ఉంటాడు" అన్నాడు. నాకు కూడా నవ్వు వచ్చింది. దాచడం ఎందుకు.

రాజలక్ష్మి చిన్నదాన్ని భుజాన వేసుకొని వాకిట్లోనే నిలబడి ఉంది. అప్పటికే మూడు వారాలుగా దానికి దగ్గు. దానికి దగ్గు తెర వచ్చింది. ఆ దగ్గు ఎట్లుంటుందో తమకు తెలిసే ఉంటుంది. దగ్గి దగ్గి, ముఖం నల్లబడి, చివరన గాలి లోపలికి లాగేటప్పుడు ఒక కూత వస్తుంది. నెట్టికంటప్ప డబ్బా మూత పెట్టి లేచి నిలబడినాడు. "దీన్ని బళ్ళారికి తీసకపో పెద్దాయనా. ఇప్పుడే" అన్నాడు. చెడ్డవాడు కాదు.

5. తీసుకుపోయినాము. పెద్దాసుపత్రిలో పది దినాలు ఉంచినారు. అక్కడివాళ్ళు చేయవలసినది చేసినారు. అక్టోబరు 9వ తేదీ పొద్దున బిడ్డ పోయింది. ఇది ఫిర్యాదు కాదు. నెంబరు వేసినాను కాబట్టి ఇక్కడ రాసినాను.

6. వారం తర్వాత నా పేరున ఒక కార్డు వచ్చింది. "మీ అర్జీ మేరకు కుక్కకాటు సూదులు పంపి, ముట్టినట్టు సంతకం తీసుకోవడమైనది. అర్జీ ముక్తాయము" అని ఉన్నది. ముక్తాయము అంటే ముగిసిపోయినట్టు. యశోదమ్మ ఎన్నిసార్లు మందు అడిగినా, తుమ్మలబెంచికి సరఫరా అయిపోయినదని హోబళి ఆఫీసులో చెబుతున్నారట. సంతకం నాదే. సూదులు డబ్బాతో సహా మరుసటి దినమే తిరిగి పంపినాను. కాగితం మాత్రం తిరిగి రాలేదు.

7. ట్రిబుల్ సూది ఒకటి వేస్తే చాలదట. నెలకొకటి చొప్పున మూడు వేయవలెనట. ఆగస్టులో వేసుకున్న పదిమందికీ రెండవది సెప్టెంబరులో, మూడవది అక్టోబరులో పడవలసింది. ఒకటీ పడలేదు. పదకొండుమంది ఉంటే ఒక సీసా చాలేది కాదు. ఇప్పుడు పదిమందే ఉన్నారు. రెండవ సీసా అడిగే పని లేదు. బిడ్డల పేర్లు, తండ్రుల పేర్లు వేరే కాగితంలో రాసి దీనికి గుచ్చినాను. మొదటి పేరు కెంచమ్మ, రంగనాథ కూతురు. నా మనవరాలిని మొదట రాసినందుకు ఊరిలో ఎవరూ ఏమీ అనలేదు.

కావున తమరు దయ ఉంచి, ఆ కుక్కకాటు కాగితం కొట్టివేయించి, ట్రిబుల్ సూదిమందు సీసా ఒకటి యశోదమ్మ చేతికి ఇప్పించవలెను. మందు కరువుగా ఉన్నదని నాకు తెలియును. తెలియక అడగడం లేదు.

ఈ అర్జీ కూడా నా చేతితోనే రాసినాను. "మామా, ఈసారి యశోదమ్మతో రాయించు" అని రాజలక్ష్మి అనింది. బిడ్డ పోయినాక ఆమె నాతో అన్న మొదటి మాట అది. యశోదమ్మను పక్కన కూర్చోబెట్టుకొని, జబ్బు పేరు ఆమె రాసిన చీటీ చూసి అక్షరం అక్షరం ఎత్తి రాసినాను. ఆ చీటీ కూడా అంటించినాను. నా అక్షరం మీద అనుమానం వస్తే దాన్ని చూడవలెను.

ఇది తమరు స్వయంగా చిత్తగించవలెను. చిత్తగించినట్టు కార్డు పంపనక్కరలేదు.

తమ విధేయుడు అని పోయినసారి రాయలేదు. అడుక్కొనేవాడు రాసే మాట అనుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

తమ విధేయుడు,
చె. నారప

మళ్ళీ రాసేది, సోమవారం:

పైదంతా శనివారం రాసినది. టపాలో వేయవలెనని ఉంచుకున్నాను. నిన్న కెంచమ్మ రెండుసార్లు దగ్గింది. మిరపకాయలు ఎండబోసినాము, ఆ ఘాటుకు దగ్గింది అని రాజలక్ష్మికి చెప్పినాను. ఆమె మిరపకాయలన్నీ ఎత్తి చేనికి పంపించేసింది. ఈ పొద్దున బిడ్డ మళ్ళీ దగ్గింది.

టపా నాలుగు దినాలు పడుతుంది కాబట్టి బస్సుకు బయలుదేరుతున్నాము. ఈ కాగితం నేనే తెచ్చి తమ జవానుకు ఇస్తాను. తమరు దీన్ని చదివేటప్పటికి బయట వరండాలో తెల్ల తలగుడ్డ కట్టిన ముసలాయన ఒకడు బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చొని ఉంటాడు. పక్కన దాని తల్లి ఉంటుంది. మొదట బిడ్డ దగ్గును వినండి. తర్వాత నన్ను ఎంతసేపైనా కూర్చోబెట్టండి.