నంబరు ప్లేటు లేని బండి విషయమై

ట్రాయ్, మిషిగన్,
మంగళవారం, అక్టోబరు 7.

నగర నిబంధనల అమలు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా డ్రైవ్‌వేలోని గొట్టాల బండిని ఈ శుక్రవారంలోగా తొలగించవలెనన్న నోటీసుకు గడువు పొడిగించుట, ఫిర్యాదు చేసినవారి పేరు వెల్లడి చేయకుండుట గురించి.

మీ నోటీసు వెనుక పుటలో ఎవరి భాషలో వారు రాసుకోవచ్చునని ఉన్నది. నాకు ఇంగ్లీషు రాక తెలుగులో రాయుట లేదు. నా కుమార్తెకు తెలుగు మాట్లాడుట వచ్చును, చదువుట రాదు. అందువలన ఈ విన్నపము తెలుగులో దాఖలు చేసుకొనుచున్నాను.

1. నేను వేమూరి గౌరీశంకర్ అనువాడను, కార్ల కంపెనీలో ఇంజనీరును. పద్దెనిమిదేళ్లుగా కంప్యూటరులో కార్లను గోడలకు గుద్దించి, బోల్తా కొట్టించి, లోపల కూర్చున్న బొమ్మకు ఎంత దెబ్బ తగిలినదో నివేదిక రాయుట నా ఉద్యోగము. సదరు బండిని నేనును, నా కుమార్తె చి. భవిత, వయస్సు పదహారు, కలిసి రెండేళ్లుగా కట్టుచున్నాము. ఇనుప గొట్టాలు వంచి, వెల్డింగ్ చేసి, పంజరంలా నిలబెట్టి, దానికి పాత కారు ఇంజను బిగించినాము. ఇది రోడ్డు మీద తిరుగు బండి కాదు, సరస్సు ఒడ్డున ఇసుక దిబ్బలు ఎక్కు బండి. ఫోన్ పక్కన పెట్టి నాతో రామ్మా అని ఈ పని మొదలుపెట్టినది నేనే. భోజనాల బల్ల దగ్గర మా అమ్మాయి నాతో మాట్లాడేది 'ఓకే', 'ఫైన్' అనే రెండు ముక్కలు. గ్యారేజీలో మాత్రం గంటల తరబడి మాట్లాడుతుంది. ఇది నిబంధనలకు సంబంధించని సంగతి అని ఎరుగుదును. అయినా రికార్డులో ఉంచ ప్రార్థన.

2. గత గురువారం దసరా. బండిని బయటకు తెచ్చి, పసుపు కుంకుమలు పెట్టి, నా భార్య పద్మజ కొబ్బరికాయ కొట్టగా, భవిత తాళం తిప్పినది. మొదటిసారికే ఇంజను అందుకున్నది. మరునాడు ఉదయం తొమ్మిది గంటలకు తమరు స్వయముగా దయచేసి, నంబరు ప్లేటు లేని బండి ఆరుబయట ఉన్నదని నోటీసు అంటించి వెళ్లినారు. అందులో 'చక్రముల కింద నాలుగు పండ్లు, కారణము తెలియదు' అని రాసినారు. అవి నిమ్మకాయలు. దిష్టి తగలకుండా పెట్టినవి. తగలవలసిన దిష్టి అప్పటికే తగిలినది.

3. బండిని తిరిగి గ్యారేజీలోకి తోయవచ్చును గదా అని తమరు అడుగవచ్చును. చక్రాలు బయట బిగించినాము. బిగించిన తరువాత పై గొట్టము గ్యారేజీ తలుపు కన్నా మూడంగుళాలు ఎత్తు తేలినది. కొలతలు తీసుకున్నది నేనే. చక్రాలు, స్ప్రింగులు విప్పితే గాని లోపలికి పోదు. అది ఇద్దరు మనుషుల పని. భవిత పానా ముట్టుట లేదు. "మనం ఏం రాంగ్ చేశాం నాన్నా? హూ కంప్లైన్డ్? ఫస్ట్ అది తెలియాలి" అని మీ కార్యాలయమునకు పబ్లిక్ రికార్డుల దరఖాస్తు పెట్టినది. గురువారం లోగా జవాబు ఇచ్చెదమని మీ గుమాస్తా చెప్పినారట.

ఈలోగా ఆమె అనుమానమంతా మా పక్కింటి బ్రహ్మయ్య గారి మీద. రిటైరైన డాక్టరు. గ్రైండరు చప్పుడుకు ఒకసారి విసుక్కున్నారు, అంతే. మూడేళ్లుగా ఆయన వాకిట మంచు తీసే పిల్ల ఇప్పుడు ఆయనను చూసి మొహం తిప్పుకొంటున్నది. ఆదివారం ఆ పెద్దాయన మా గుమ్మంలో నిలబడి, "నేను కాదమ్మా భవితా, నీ మీద ఒట్టు. నేనెందుకు చేస్తానమ్మా అట్లాంటి పని?" అన్నారు. భవిత తలుపు వేసేసింది. నేను హాల్లో సోఫాలో కూర్చుని ఉన్నాను. లేవలేదు.

4. అయ్యా, ఆ ఫిర్యాది నేనే.

తమరికి ఇది తెలిసే ఉండును. ఫిర్యాది చిరునామా, నేరస్థుడి చిరునామా ఒకటే అయినందుకు నవ్వుకొని కూడా ఉందురు. మీ వెబ్‌సైటులో పేరు రాయుట తప్పనిసరి కాదని స్పష్టముగా ఉన్నది. అయితే పేరు లేకుండా రాస్తే దానిని మా వైపు ఆకాశరామన్న ఉత్తరం అంటారు. అటువంటి పని చేయకూడదని పెరిగినవాడను. కనుక ఇంటిపేరుతో సహా రాసి, ఫోన్ నంబరు కూడా ఇచ్చినాను.

ఎందుకు చేశానంటారా. ఇంజను అందుకున్నప్పుడు భవిత ముఖం చూశాను. ఆ శనివారం కాకపోతే వచ్చే శనివారం దిబ్బల మీదకు పోతుంది, ఆగదు. ఆగస్టులో నేను మా బండిని కూడా కంప్యూటరులోకి ఎక్కించాను. భవితంత ఎత్తున్న, అయిదడుగుల మూడంగుళాల బొమ్మను కూర్చోబెట్టి బోల్తా కొట్టించాను. బొమ్మ తల ఒక పక్కకు వాలి, తిరిగి లేచింది. సంఖ్యలన్నీ పరిమితిలోనే ఉన్నాయి. కానీ కంప్యూటరు ప్రతి అతుకూ గట్టిదేనని నమ్ముతుంది. నేను నమ్మలేకపోయాను. భయం వేసింది. పద్దెనిమిదేళ్లలో ఏ బొమ్మనూ చూసి భయపడలేదు.

వద్దమ్మా అని నోటితో అనలేకపోయాను. అంటే గ్యారేజీ కూడా పోతుంది, మళ్లీ 'ఓకే', 'ఫైన్'. ప్రభుత్వ కార్యాలయం గదా, ఫైలు కదలడానికి కనీసం ఆరు వారాలు పడుతుంది, ఈ నెలాఖరుకు దిబ్బలు మూసేస్తారు, చలికాలమంతా ఏదో ఒకటి ఆలోచించుకోవచ్చు అనుకున్నాను. తమరు తెల్లారేసరికి వస్తారని కలలో కూడా అనుకోలేదు. అయ్యా, ఇంత త్వరగా పని చేయుట తమరికి తగునా?

5. కావున తమరు దయయుంచి, (అ) గడువును ఈ నెలాఖరు వరకు పొడిగించి, (ఆ) గురువారం నాటి జవాబులో నా పేరు కొట్టివేయించి కాపాడవలెను. ఆ కాగితం మా ఇంటికి వస్తే బండి ఉన్నా లేకపోయినా ఒకటే. నా కూతురు నాకు ఉండదు.

పెద్ద మనసుతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వేమూరి గౌరీశంకర్

తా.క. సంతకం పెడుతుండగా భవిత వచ్చింది. "ఎక్స్‌టెన్షన్ కోసం రాస్తున్నావా? చదువు, నేను స్కాన్ చేసి పంపిస్తా" అని పక్కన కూర్చుంది. చదివాను. మూడు అయ్యాక అయిదుకు వెళ్లాను. దానికి తెలుగు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. వేలు పెట్టి చూపించి, "నాన్నా, త్రీ తర్వాత ఫైవ్ ఏంటి? ఈ ఫోర్ అంత పెద్దగా ఉంది. అది చదవలేదు" అంది.

చదివాను. మొత్తం.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కాగితం తన వైపు లాక్కుని, "ఏ జాయింట్?" అంది. కంప్యూటరు తెరిచి చూపించాను. డ్రైవరు తల వెనక, ఎడమ వైపు. అన్నిటికన్నా ముందు వంగేది అక్కడే.

"అది నా వెల్డ్ కాదు," అంది.

"కాదమ్మా. నాది."

"ఐ నో. మార్చ్ నుంచి తెలుసు. పైపైనే అతుక్కుంది, లోపలికి పట్టలేదు అది. నీకు చెప్తే ఫీల్ అవుతావని చెప్పలేదు. నువ్వు లేనప్పుడు కట్ చేసి మళ్లీ చేద్దామనుకున్నా. ధైర్యం చాల్లేదు."

అయ్యా, నాకు ఏడుపు వచ్చింది. దానికి రాలేదు.

కావున ఐదవ అంశంలోని (ఆ) కోరికను ఉపసంహరించుకొనుచున్నాను. పేరు వెల్లడి చేయండి. (అ) మాత్రం తప్పక కావలెను, ఆ అతుకు కోసి మళ్లీ వేయడానికి మాకు రెండు శనివారాలు పడుతుంది. నేను పట్టుకుంటాను, అది వేస్తుంది. ప్రస్తుతానికి మా అమ్మాయి నా చలికోటు చేత పట్టుకొని గుమ్మంలో నిలబడి, "కమాన్ నాన్నా, ముందు అంకుల్ ఇంటికి. నువ్వే చెప్పాలి" అంటున్నది. బ్రహ్మయ్య గారి ఇంట్లో దీపం వెలుగుతోంది. వెళ్తున్నాను.